నగర రైలుకు ఎంత వేగం చాలు?

గంటకు 80 కిలోమీటర్లు పోగల రైలు 35 కిలోమీటర్ల సగటుతోనే గమ్యం చేరుతుంది. తక్కిన వేగమంతా ఏమైపోతున్నది? దాని జవాబు యంత్రంలో కంటె ప్రయాణికునిలోనే ఎక్కువగా ఉన్నది.

బస్తర్‌లోని నగర్‌నార్‌లో రైలు అనగానే ఎవరికైనా మొదట స్ఫురించేది ఇనుప ఖనిజం. బైలడిల్లా కొండలలో తవ్విన ఖనిజాన్ని విశాఖపట్నం రేవుకు, అక్కడినుంచి ఓడలమీద జపానుకు చేర్చడం కోసం 1960వ దశకంలో నిర్మించిన కొత్తవలస–కిరండూల్ మార్గం, ఇక్కడికి దగ్గరనున్న జగదల్‌పూర్ మీదుగానే పోతుంది. ఆ బండిలో విశాఖకు పయనమైన వారెవరూ తొందరపడరు. దారిలో యాభైకి పైగా సొరంగాలు, లోయలమీద వంతెనలు, సముద్రమట్టానికి 996 మీటర్ల ఎత్తున షిమిలిగూడ స్టేషను. ఇన్ని ఉన్నచోట బండి మెల్లగా పోవడమే న్యాయమని పసివానికైనా తెలుసు.

పట్నపు రైలు సంగతి వేరు. ఉద్యోగ ప్రయత్నం మీద నగర్‌నార్ నుంచి మొదటిసారి హైదరాబాదు వెళ్ళివచ్చిన ఒక యువకుడు ఈ వ్యాసకర్తను అడిగిన ప్రశ్న ఇది:

“మెట్రో గంటకు 80 కిలోమీటర్ల వేగంతో పోతుందన్నారండీ. మియాపూర్ నుంచి ఎల్.బి. నగర్‌కు 29 కిలోమీటర్లు. లెక్క ప్రకారం 22 నిమిషాలలో చేరాలి. నాకు యాభై నిమిషాల దాకా పట్టింది. కొండ లేదు, అడ్డం వచ్చే లారీ లేదు, ఎర్ర దీపం దగ్గర పడిగాపులు లేవు. మరి ఆలస్యమంతా ఎక్కడ జరిగినట్టు?”

ప్రశ్న అమాయకంగా కనిపించినా, దానిలో ఒక పెద్ద విషయమే దాగి ఉన్నది. నగరాలలో కొత్త రైలుమార్గం మాట వచ్చినప్పుడల్లా ప్రకటనలలో ముందుగా కనిపించేది గరిష్ఠ వేగమే. ప్రజలు మురిసిపోయేదీ దానికే. కాని ప్రయాణికుని జీవితంలో ఆదా అయ్యే నిమిషాలకూ, ఆ అంకెకూ ఉన్న సంబంధం మనం అనుకొనేంత గట్టిది కాదు.

రెండు స్టేషన్ల నడుమ

2017 నవంబరులో తొలి భాగం ప్రారంభమైన హైదరాబాదు మెట్రో, 2020 ఫిబ్రవరి నాటికి మూడు మార్గాలలో సుమారు 69 కిలోమీటర్లకు విస్తరించింది. స్టేషన్లు 57. మన యువకుడు ఎక్కిన మియాపూర్–ఎల్.బి. నగర్ మార్గంలోనే 27 స్టేషన్లున్నాయి. అంటే వాటి నడుమ 26 అంగలు. ఒక్కొక్క అంగ సగటున 1,100 మీటర్లు.

ఇప్పుడొక అంగను మాత్రమే తీసికొని చూద్దాం. రైలు కదిలిన తరువాత ప్రతి సెకండుకు దాని వేగం గంటకు 3.6 కిలోమీటర్ల చొప్పున పెరుగుతుందనుకొందాం. అంటే మొదటి సెకండు చివర 3.6, రెండవ సెకండు చివర 7.2, ఈ విధంగా. నగర రైళ్ళలో ఇది ఇంచుమించు వాడుకలో ఉన్న లెక్కే. ఈ చొప్పున 80 అందుకోవడానికి 22 సెకండ్లు పడుతుంది. ఈలోగా రైలు దాదాపు 247 మీటర్లు పోయి ఉంటుంది. అదే తీరున ఆగడానికి మరొక 22 సెకండ్లు, మరొక 247 మీటర్లు. నడుమ మిగిలినది 606 మీటర్లు. పూర్తి వేగంతో పోయే ఆ ముక్కకు పట్టేది 27 సెకండ్లు మాత్రమే. 1,100 మీటర్ల అంగకు మొత్తం 72 సెకండ్లు పట్టిందన్నమాట. అందులో అరవై వంతుకు పైగా కాలం వేగం పుంజుకోవడానికీ, తగ్గించుకోవడానికీ సరిపోయింది.

గరిష్ఠ వేగాన్ని 80కి బదులు 70గా ఉంచితే ఏమవుతుంది? అదే అంగకు 76 సెకండ్లు పడుతుంది. తేడా నాలుగు సెకండ్ల పైచిలుకు. 26 అంగలకూ కలిపి రెండు నిమిషాలైనా కాదు. 2022లో భద్రతాధికారుల తనిఖీ, అనుమతి జరిగిన తరువాత హైదరాబాదు మెట్రో తన గరిష్ఠ వేగాన్ని 70 నుంచి 80కి పెంచుకొన్నది. అది మంచి మార్పే. అయితే ప్రయాణికునికి దానివల్ల లభించినది కొద్ది నిమిషాల లాభమే తప్ప మరొకటి కాదు.

పోనీ, ఒక్కసారిగా 100కు పెంచుదాం. అంగకు 67 సెకండ్లు. మళ్ళీ నాలుగు సెకండ్ల లాభమే! 120కి పెంచుదామా? అక్కడ లెక్క మనల్ని వెక్కిరిస్తుంది. 1,100 మీటర్ల అంగలో ఈ రైలు 119 అందుకొనే క్షణానికి సగం దూరం గడిచిపోయి ఉంటుంది. ఇక ఆ క్షణం నుంచే ఆపడం మొదలుపెట్టాలి. ఆపైన ఎంత శక్తిగల యంత్రాన్ని అమర్చినా దానికి చేయదగిన పని ఉండదు.

లాభం ఇలా తరిగిపోతూ ఉండగా ఖర్చు మాత్రం పెరుగుతూ పోతుంది. కదిలే వస్తువులోని శక్తి వేగపు వర్గాన్ని అనుసరిస్తుంది. వేగం 70 నుంచి 80కి పెరిగితే, ప్రతి స్టేషను దగ్గరా రైలులోకి ఎక్కించి, తిరిగి దించవలసిన శక్తి 30 శాతం పెరుగుతుంది. 100కు చేరితే రెట్టింపవుతుంది. ఆగేటప్పుడు కొంత విద్యుత్తును తీగలోకి తిరిగి పంపగల ఏర్పాట్లున్నా, పోయినదంతా తిరిగిరాదు. దానికితోడు చక్రాల అరుగుదల, చప్పుడు, పట్టాల మరమ్మతు. నాలుగు సెకండ్ల కోసం ఇంత మూల్యమా అని ఇంజనీర్లు ఆలోచిస్తారు. అందుకే ప్రపంచంలోని చాలా నగర రైళ్ళు 70, 80 కిలోమీటర్ల వద్ద స్థిరపడినాయి.

నిలుచున్న మనిషే కొలబద్ద

“అయితే వేగం ఇంకా త్వరగా పుంజుకొనే ఏర్పాటు చేయరాదా? సెకండుకు 3.6 కాక 7, 8 చొప్పున పెంచితే?” అన్నాడు మా యువకుడు.

యంత్రానికి అది అసాధ్యం కాదు. మనిషికే కష్టం. దూరప్రయాణపు రైలులో మనం కూర్చుంటాం, పడుకొంటాం. నగర రైలులో సగానికి పైగా జనం నిలబడే ఉంటారు. వారిలో ఒక చేత సంచీ, మరొక చేత బిడ్డ చేయి పట్టుకొన్న తల్లి ఉంటుంది. పైనున్న పట్టీ అందని పిల్లలుంటారు. మోకాళ్ళ నొప్పులతో స్తంభాన్ని ఆనుకొన్న వృద్ధులుంటారు. సెకండుకు 3.6 కిలోమీటర్ల చొప్పున వేగం మారితే వారు కాస్త తూలి నిలదొక్కుకొంటారు. దానిని రెట్టింపు చేస్తే పడిపోతారు. వేగం ఎంత మారినదన్నదే కాదు, ఎంత హఠాత్తుగా మారినదన్నదీ ముఖ్యమే. కొత్త డ్రైవరు నడిపే బస్సులో కుదుపు తిన్నవారికి ఈ సంగతి వేరే చెప్పనక్కరలేదు.

కాబట్టి నగర రైలు వేగానికి నిజమైన కొలబద్ద ఇంజను కాదు, దానిలో నిలుచున్న మనిషి. అతడు భరించగల కుదుపును దాటి ఏ రైలూ పోలేదు.

వంపు క్షమించదు

నగరం రైలు కోసం పుట్టినది కాదు. ముందు వీధులు వచ్చాయి, మేడలు వచ్చాయి, రైలు చివర వచ్చింది. కనుక ఉన్న సందులోనే అది ఒదిగి, మెలికలు తిరిగి పోవాలి. ఈ మెలికలు వేగానికి రెండవ సంకెల.

వంపు తిరిగే బండిలోని వస్తువులన్నీ బయటివైపుకు తూలుతాయి. ఆ తూపు వేగపు వర్గాన్ని బట్టి పెరుగుతుంది, వంపు వ్యాసార్ధాన్ని బట్టి తగ్గుతుంది. ప్రయాణికులు ఇబ్బంది లేకుండా ఓర్చుకొనే హద్దులో ఉండాలంటే, చదునైన పట్టాల మీద 30 మీటర్ల వ్యాసార్ధం గల వంపులో వేగం గంటకు ఇంచుమించు 20 కిలోమీటర్లు దాటరాదు. 100 మీటర్ల వంపులో 36, 300 మీటర్ల వంపులో 62. ఎనభైతో పోవాలంటే 500 మీటర్ల వ్యాసార్ధం కావాలి. బయటి పట్టాను కొంత ఎత్తు చేసి ఈ హద్దులను ఇంకొంత పెంచవచ్చు. కాని నాలుగు రోడ్ల కూడలిలో పక్కవీధికి తిరగవలసిన రైలుకు 500 మీటర్ల వంపు ఎవరిస్తారు? ఎన్ని ఇళ్ళు పడగొట్టి ఇస్తారు?

ఈ హద్దును మరచితే ఏమవుతుందో లండను శివారైన క్రోయిడన్ ప్రజలు 2016 నవంబరు 9న తెలిసికొన్నారు. చీకటి వీడని వేళ, వాన కురుస్తున్నది. 69 మంది ప్రయాణికులతో వస్తున్న ట్రాము ఒకటి శాండిలాండ్స్ అనే చోట సొరంగం దాటి, 30 మీటర్ల వ్యాసార్ధం గల వంపులో ప్రవేశించింది. అక్కడ అనుమతించిన వేగం 20. ట్రాము వేగం 73. తూపు హద్దుకు పదమూడు రెట్లయింది. భూమ్యాకర్షణనే మించిపోయింది. ట్రాము పక్కకు ఒరిగి బోల్తాపడింది. ఏడుగురు మరణించారు. అరవైమందికి పైగా గాయపడ్డారు.

డ్రైవరు ఒక్క క్షణం కునుకు తీసి ఉండవచ్చుననీ, ఆ తరువాత తానెక్కడున్నదీ గుర్తించలేకపోయి ఉండవచ్చుననీ దర్యాప్తు సంస్థ భావించింది. కాని ఆ దర్యాప్తు అంతటితో ఆగలేదు. 80తో పోనిచ్చే తిన్నని దారి చివర 20కి దిగవలసిన వంపు ఉన్నప్పుడు, ఒక్క మనిషి అప్రమత్తత మీదనే అందరి ప్రాణాలూ ఆధారపడడం సబబా అన్నదే అసలు ప్రశ్న అయింది. అనంతరం ఆ మార్గంలో గరిష్ఠ వేగాన్ని 80 నుంచి 70కి తగ్గించారు. వంపుల ముందు మెట్లు మెట్లుగా వేగం తగ్గించే సూచికలు పెట్టారు. డ్రైవరు తగ్గించకపోయినా తానుగా బండిని ఆపే యంత్రాన్ని అమర్చారు. పెంచినందువల్ల కలిగే లాభం సెకండ్లలో ఉండగా, తప్పినందువల్ల కలిగే నష్టం ప్రాణాలలో ఉన్నది.

వీధిలో పోయే రైలు

హైదరాబాదు మెట్రో స్తంభాల మీద, తనకు మాత్రమే ప్రత్యేకించిన దారిలో పోతుంది. అన్ని నగర రైళ్ళకూ ఆ అదృష్టం లేదు. ‘లైట్ రైల్’ అనే మాట 1970వ దశకంలో అమెరికాలో ప్రచారానికి వచ్చింది. దానిని తెనుగు చేయబోయి ‘తేలిక రైలు’ అంటే అర్థం దారి తప్పుతుంది. ఆ బండి బరువులో తేలికైనది కాదు. అది మోయవలసిన జనసంఖ్య, దాని కోసం కట్టవలసిన కట్టడం తేలిక అని భావం. కొంతదూరం రైలులాగా సొంత దారిలో, కొంతదూరం ట్రాములాగా నడివీధిలో పోగలగడం దాని విశిష్టత.

1992లో ప్రారంభమైన మాంచెస్టరు నగరపు మెట్రోలింక్ దీనికి మంచి ఉదాహరణ. పాత రైలుమార్గాల మీద 80 కిలోమీటర్ల దాకా పోయే బండే, నగర మధ్యానికి వచ్చేసరికి పాదచారుల నడుమ బహు నిదానంగా పోతుంది. బండి అదే, యంత్రం అదే. దారి మారింది, మర్యాద మారింది.

ఈ నిదానానికి కారణం ఉక్కు స్వభావంలోనే ఉన్నది. నగర్‌నార్‌వంటి ఉక్కునగరంలో ఉన్నవారికి ఇది చెప్పడం సులువు. ఉక్కు పట్టా మీద ఉక్కు చక్రం ఒరిపిడి లేకుండా సాఫీగా దొర్లుతుంది. అంత ఖనిజాన్ని తక్కువ ఖర్చుతో కొండలు దాటించగలగడం ఆ సుగుణం చలవే. అయితే ఆ నునుపే ఆపవలసి వచ్చినప్పుడు దోషమవుతుంది. 50 కిలోమీటర్ల వేగంతో పోయే కారు పొడినేల మీద బ్రేకు పట్టిన పదిహేను ఇరవై మీటర్లలో ఆగగలదు. అదే వేగంతో పోయే ట్రాము మామూలు తీరున ఆగడానికి వంద మీటర్లకు దగ్గరగా కావాలి. పట్టాను అంటిపెట్టుకొనే అయస్కాంతపు బ్రేకులు వేసినా నలభై మీటర్ల చుట్టుపట్ల పడుతుంది. పైగా కారులాగా అది పక్కకు తప్పుకోలేదు.

ట్రాము మనకు కొత్తది కాదు. మద్రాసులో 1895 నుంచి 1953 దాకా విద్యుత్ ట్రాములు నడిచాయి. ఆ నగరంలో చదువుకో, అచ్చుపనికో, సినిమాలకో వెళ్ళిన ఎందరో తెలుగువారు వాటిలో తిరిగినవారే. కలకత్తాలో 1873లో గుర్రాలతో మొదలైన ట్రాము 1902 నుంచి విద్యుత్తుతో నడిచింది. నిదానానికి పేరుపడిన ఆ ట్రాము కూడ నిరపాయమైనది కాలేకపోయింది. బెంగాలీ మహాకవి జీవనానంద దాస్ 1954 అక్టోబరులో కలకత్తా వీధిలో ట్రాము తగిలి, కొద్దిరోజులకే ఆసుపత్రిలో కన్నుమూశాడు. అందుకే నడివీధిలో పోయే రైలుకు అన్ని దేశాలలోనూ ఒకటే నీతి: కంటికి ఎంతదూరం కనబడుతున్నదో అంతలో ఆగగలిగిన వేగంతోనే పోవాలి.

పది సెకండ్ల విలువ

ఇంతకూ మన యువకుని ప్రశ్న మిగిలే ఉన్నది. అంగకు 72 సెకండ్లు చొప్పున 26 అంగలకు 31 నిమిషాలు అయ్యాయి. యాభైలో మిగిలిన పందొమ్మిది నిమిషాలు ఏవి?

కొంత వంపులలో పోయింది. కొంత, ముందు బండికీ వెనుక బండికీ నడుమ ఉంచవలసిన ఎడానికీ, వేళ తప్పకుండా ఉంచుకొనే వెసులుబాటుకూ పోయింది. పెద్దభాగం మాత్రం తలుపుల దగ్గర పోయింది. స్టేషనులో బండి ఆగి, తలుపులు తెరచుకొని, దిగేవారు దిగి, ఎక్కేవారు ఎక్కి, తలుపులు మూసికొనేసరికి అరనిమిషం అనుకొంటే, దారిలోని ఆగుడులన్నిటికీ కలిపి పన్నెండు నిమిషాలు దాటుతుంది.

ఇక్కడే అసలు సూక్ష్మం ఉన్నది. ప్రతి స్టేషనులో పది సెకండ్లు ఆదా చేయగలిగితే మొత్తం మీద నాలుగు నిమిషాలకు పైగా కలిసివస్తుంది. మన లెక్క ప్రకారం గరిష్ఠ వేగాన్ని 70 నుంచి 80కి పెంచితే వచ్చే లాభానికి అది రెట్టింపు కంటె ఎక్కువ! దానికి కొత్త ఇంజను అక్కరలేదు. తలుపులు వెడల్పుగా ఉండాలి. అరుగూ బండి నేలా ఒకే ఎత్తున ఉండాలి. దిగేవారికి దారి ఇచ్చిన తరువాత ఎక్కేవారు ఎక్కాలి. మూసుకొంటున్న తలుపుల నడుమ సంచీ అడ్డం పెట్టరాదు. తలుపును ఒక్కడు ఆపితే ఆగేది అతడి బండి మాత్రమే కాదు, వెనుకనున్న బండ్లన్నీ.

“స్టేషన్లనే తగ్గిస్తే?” అని ఎవరైనా అడగవచ్చు. ఒక్క స్టేషను తీసివేస్తే వేగం తగ్గించి, ఆగి, తిరిగి పుంజుకొనే కాలంలో యాభై సెకండ్లకు పైగా మిగులుతుంది. బండిలో ముందే కూర్చున్నవారికి అది లాభమే. కాని ఆ స్టేషనులో ఎక్కవలసిన ముసలమ్మ మరొక అరకిలోమీటరు ఎండలో నడవాలి. ఆమెకు అది ఏడెనిమిది నిమిషాలు. వందమందికి ఒక్కొక్క నిమిషం మిగల్చడం కోసం పదిమందిని ఎండలో నడిపించవచ్చునా? ఇది ఇంజనీరు ఒక్కడే తేల్చగల లెక్క కాదు. ఊరు కూర్చుని తేల్చుకోవలసినది.

బండి కోసం వేచి ఉండే కాలాన్ని కూడ మనం మరచిపోతాం. పది నిమిషాలకొకటి వచ్చే బండి కోసం సగటున ఐదు నిమిషాలు ఎదురుచూడాలి. ఐదు నిమిషాలకొకటి వస్తే రెండున్నర. అంటే గరిష్ఠ వేగాన్ని ముట్టుకోకుండానే రెండున్నర నిమిషాలు చేతికి వచ్చాయి. ఇంటి నుంచి స్టేషనుకు నీడగల కాలిబాట వేసినా, దిగిన చోట బస్సు సిద్ధంగా ఉంచినా అంతకంటె ఎక్కువే కలిసివస్తుంది.

ఆగుళ్ళతో సహా లెక్కకట్టిన సగటు వేగాన్ని ఆంగ్లంలో ‘కమర్షియల్ స్పీడ్’ అంటారు. అనువాదకులు దానిని తరచు ‘వాణిజ్య వేగం’ అని రాస్తారు. ఆ మాటలో మనిషి కనబడడు. ‘చేరవేత వేగం’ అంటే సరిగ్గా ఉంటుంది. మనిషిని చేర్చవలసిన చోటికి చేర్చిన వేగమే నిజమైన వేగం. తక్కినది డ్రైవరు ముందున్న ముల్లు చూపే అంకె.

విశాఖపట్నంలోను, విజయవాడలోను నగర రైలు ప్రతిపాదనలు ఏళ్ళ తరబడి చర్చలో నలుగుతూ వచ్చాయి. రేపు మీ ఊరికీ అటువంటి ప్రతిపాదన రావచ్చు. అప్పుడు “ఎంత వేగంతో పోతుంది?” అన్న ప్రశ్నతో ఆగిపోవద్దు. ఎన్ని నిమిషాలకొక బండి? స్టేషను నా ఇంటికి ఎంతదూరం? తలుపులెంత వెడల్పు? వంపు దగ్గర డ్రైవరు పొరబడితే బండిని ఆపేదెవరు? ఈ నాలుగింటికీ సరైన జవాబు చెప్పగలిగిన మార్గానికి 70 కిలోమీటర్ల వేగమైనా పుష్కలంగా చాలు. చెప్పలేని మార్గానికి 120 ఉన్నా ఒరిగేదేమీ లేదు.

ఈ లెక్కంతా కాగితం మీద వేసి చూపితే మా యువకుడు కొంతసేపు మౌనంగా ఉండిపోయాడు. తరువాత నవ్వి ఇలా అన్నాడు: “అమీర్‌పేటలో తలుపు మూసుకోబోతుంటే భుజం అడ్డం పెట్టి ఎక్కానండీ. అప్పుడు నాకు ఒక బండి మిగిలిందనుకొన్నాను. ఆ పది సెకండ్లూ లోపలున్న అందరివీ అని ఇప్పుడు తెలిసింది.”